అగ్నికుడ్యానికి చిల్లు

ఫైర్‌వాల్ అనే మాట చెవిన పడగానే మనలో చాలామందికి ముందు కంప్యూటరే స్ఫురిస్తుంది. దానిని తెలుగులో అగ్నికుడ్యమనాలో, మంటగోడ అనాలో తేల్చుకోలేక మిత్రులతో ఒక సాయంత్రమంతా వాదులాడిన సుదినాలు నాకూ ఉన్నాయి. ఇవాళ రాయబోతున్నది ఆ గోడ గురించి కాదు. నిజంగానే మంటను ఆపవలసిన గోడ మరొకటుంది. మోటారు బండిలో ఇంజనుకూ మనం కూర్చునే క్యాబిన్‌కూ నడుమ నిలబెట్టిన ఇనుపరేకు అది. వేడినీ, పొగనీ, చప్పుడునీ, ఖర్మ కాలితే నిప్పునీ అవతలే ఆపడం దాని పని. పికప్ ట్రక్కుకు అదనపు గేజీలు బిగించుకునేవాళ్ళు ఆ గోడకు చిల్లు పెడుతుంటారు. నేనూ పెట్టాను. పెట్టకూడని విధంగా పెట్టాను.

మేముండేది ఒహాయోలో. సెలవుల్లో క్యాంపింగ్ ట్రైలరును లాక్కెళ్ళడానికని 2008లో ఒక పాత డాడ్జ్ రామ్ కొన్నాను. 2001 నాటి బండి, 5.9 లీటర్ల కమ్మిన్స్ డీజిలు ఇంజను. తెలుగువాడికి పికప్ ట్రక్కెందుకయ్యా అని ఇంటికొచ్చిన ప్రతివారూ అడిగారు. అడిగినవాళ్ళే ఇల్లు మారేటప్పుడు ఫోను చేశారు. ఆ సంగతి అలా ఉంచుదాం.

ఇంజను ఉక్కుపిండమే గాని, దానికి డీజిలు అందే ఏర్పాటులో ఒక బలహీనత ఉంది. 1998 నడుమనుండి 2002 దాకా వచ్చిన ఈ డీజిలు ట్రక్కుల్లో వీపీ44 అనే ఇంజెక్షన్ పంపు ఉంటుంది. ఆ పంపు చల్లబడాలన్నా, దాని కీళ్ళకు జిడ్డు తగలాలన్నా తనగుండా పారే డీజిలే ఆధారం. ట్యాంకునుండి డీజిలును తోడి అందించే చిన్న ఎలక్ట్రిక్ పంపును లిఫ్ట్ పంపంటారు. అది నీరసించిందంటే, ఇంజను మామూలుగానే నడుస్తున్నట్టు కనిపిస్తూ లోపల పెద్దపంపు నాశనమవుతూ ఉంటుంది. కొత్తది వేయించాలంటే వెయ్యి డాలర్ల పైమాటే. ముందుగా తెలుసుకుందామంటే డాష్‌బోర్డు మీద డీజిలు పీడనం చూపే ముల్లు లేదు.

అంత అవసరమైతే కంపెనీవాడే పెట్టి ఇచ్చేవాడు కదా అనే పెద్దమనుషులున్నారు. ఈ వాదం నాకు ఎప్పుడూ రుచించదు. కంపెనీవాడు మనకు చూపేది మనం కంగారుపడకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే. 1980ల చివరినుండి చాలా ఏళ్ళపాటు ఫోర్డు పికప్పుల్లో ఆయిలు ప్రెషరు గేజి వెనుక ఉన్నది కొలిచే సాధనం కాదు, ఉత్త స్విచ్చి! పీడనం ఆరేడు పీఎస్ఐ దాటితే చాలు, ముల్లు మధ్యకు వచ్చి బుద్ధిమంతుడిలా నిలబడుతుంది. ఇరవై ఉన్నా అక్కడే, అరవై ఉన్నా అక్కడే. చూసేవాడికి మాత్రం ఇంజను నిండు నూరేళ్ళూ బతుకుతుందన్న భరోసా.

కనుక గేజీలు వద్దని నేననను. నా పేచీ అంతా వాటి వెనకనున్న నాలుగడుగుల తీగతోనే. గేజి ముఖం ఏ రంగులో వెలగాలి, దాన్ని ఏ స్తంభం మీద బిగించాలి అని వారాల తరబడి ఆలోచిస్తాం. తీగ గోడను ఎక్కడ దాటాలన్నది మాత్రం డ్రిల్లు చేతబట్టిన తరువాత ఆలోచిస్తాం. నేను చేసింది సరిగ్గా అదే. డీజిలు పీడనానికొకటి, టర్బో గాలి పీడనానికొకటి, ఎగ్జాస్టు వేడికొకటి, మొత్తం మూడు గేజీలు తెప్పించాను. 2008 చలికాలంలో ఒక ఆదివారం, చెయ్యి సులువుగా అందే చోట గోడకు అరంగుళం చిల్లు పెట్టి, తీగల కట్టకు నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి లోపలికి లాగేశాను. కరెంటుకోసం బ్యాటరీనుండి నేరుగా ఒక తీగ తెచ్చాను. ఫ్యూజు వేయమని గేజీలతో వచ్చిన కాగితంలో ఉంది. వేశాను కూడా, మార్చుకోవడానికి వీలుగా ఉంటుందని డాష్‌బోర్డు కింద, గేజీల పక్కన! సాయంత్రానికి మూడు ముళ్ళూ లేచాయి. నన్ను మించిన మెకానిక్కు లేడనుకున్నాను.

పదకొండు నెలలు ఏమీ కాలేదు. 2009 నవంబరులో ఒక రాత్రి డేటన్ దాటి ఐ-75 మీద వస్తుండగా, పక్కసీటులో ఉన్న మా అమ్మాయి "నాన్నా, ఏదో కాలుతోంది" అంది. అప్పటికి దానికి ఏడేళ్ళు. గేజీల దీపాలు ఆరిపోయి ఉన్నాయి. స్టీరింగు కిందనుండి తెల్లటి పొగ. బండిని రోడ్డు వారకు తీసి, పిల్లను దింపి దూరంగా గడ్డిలో నిలబెట్టి, ఇంజను ఆపాను. పొగ ఆగలేదు. బానెట్టెత్తి బ్యాటరీ నెగటివు తీగ ఊడదీశాను. అయినా ఆగలేదు! ఆ ట్రక్కులో జంటగా రెండు బ్యాటరీలుంటాయన్న సంగతి ఆ గాభరాలో గుర్తుకు రాలేదు. ఒకదాన్ని విడదీసినా రెండోది పోస్తూనే ఉంటుంది. చివరికి కటింగ్ ప్లేయరుతో ఆ తీగనే బ్యాటరీ మొదట్లో తెంపేశాను. రెండు వేళ్ళు కాలాయి. అంతకన్నా ఏమీ జరగలేదు. ఆ చలిలో గడ్డిలో నిలబడి నావైపు చూస్తున్న పిల్ల ముఖం మాత్రం నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది.

మరునాడు పగటి వెలుగులో చూస్తే విషయం తేటతెల్లమైంది. డీజిలు ఇంజను అదురుకు టేపు జారిపోయింది. చిల్లు అంచు కత్తిలా పనిచేసి తీగ తొడుగును కోసేసింది. రాగి రేకుకు తగిలింది. రేకంటే నెగటివే కదా. లోపల కార్పెట్టు అడుగున పెచ్చు జానెడు మేర మాడి ఉంది. అన్నిటికన్నా సిగ్గుపడవలసిన దృశ్యం డాష్‌బోర్డు కింద ఉంది. నా ఫ్యూజు నిక్షేపంగా ఉంది.

ఉండక ఏం చేస్తుంది? షార్టు అయ్యింది ఫ్యూజుకు ముందే. ఫ్యూజు గేజిని కాపాడటానికని అనుకునేవాళ్ళం చాలామందిమి. అది కాపాడేది తీగను. అదీ తనకు అవతలున్న తీగను మాత్రమే. లెక్క వేసి చూడండి. 18 గేజి రాగితీగకు అడుగుకు సుమారు ఆరున్నర మిల్లీ ఓముల నిరోధం. బ్యాటరీనుండి గోడదాకా ఆరడుగులనుకుంటే 0.04 ఓము. 12 వోల్టులను దానితో భాగిస్తే 300 ఆంపియర్లు! తీగ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది, అంచు మీద రాగి గట్టిగా ఆనదు కనుక నిజంగా అంత పారదనుకోండి. వంద పారినా చాలు, తొడుగు కరిగి మండటానికి. మూడు గేజీలూ దీపాలతో సహా తాగేది ఆంపియరుకు లోపే. మూడు ఆంపియర్ల ఫ్యూజు ఒకటి బ్యాటరీకి జానెడు దూరంలో ఉండి ఉంటే, ఆ రాత్రి గేజీలు ఆరిపోయేవి, మేము ఇంటికి పోయేవాళ్ళం.

ఇంకొంచెం ఆలోచిస్తే, అసలు కరెంటు తీగ గోడ దాటవలసిన పనే లేదు. క్యాబిన్‌లోని ఫ్యూజు పెట్టెలో, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటునుండి, విడిగా ఫ్యూజు వేసుకుని తీసుకోవచ్చు. బ్యాటరీ దిగిపోయే బెడదా ఉండదు. అప్పుడు గోడ దాటేవి ఇంజను దగ్గరి సెన్సారు తీగలు మాత్రమే. ఈ మార్గం నాకు ఆదివారం పూట తట్టలేదు. బ్యాటరీ ఎదురుగా కనబడుతుంటే ఎవరికి తడుతుంది!

ఇక చిల్లు సంగతి. గోడకు కంపెనీవాడు పెట్టిన చిల్లులు ముందే ఉంటాయి. బండి తీగలన్నీ కట్టగా వెళ్ళే చోట లావుపాటి రబ్బరు గ్రామెట్టు ఉంటుంది. ఆటోమేటిక్ బండ్లలో కొన్నిటికి క్లచ్చి కోసం వదిలిన చోటును బిళ్ళతో మూసి ఉంచుతారు. రబ్బరులో చిన్న సందు చేసి, మొన గుండ్రంగా వంచిన హ్యాంగరు కమ్మికి తీగను కట్టి నెమ్మదిగా లాగితే సరిపోతుంది. కత్తి మాత్రం వద్దు, పక్కనే బండి నరాలన్నీ ఉంటాయి. కొత్త చిల్లు తప్పదనుకుంటే అవతలి పక్క ఏముందో ముందు చూడాలి. హీటరు పెట్టె ఉండవచ్చు, ఏసీ కాయిలు ఉండవచ్చు, బ్రేకు బూస్టరు ఉండవచ్చు. చిల్లు పెట్టాక అంచును ఆకురాయితో నున్నగా రాసి రంగు పూయాలి, మా ఒహాయోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు పచ్చి ఇనుము ఏడాది ఆగదు. తరువాత సరిపడే గ్రామెట్టు తొడిగి, తీగలకు ముడతల గొట్టం వేసి, సందులను సిలికానుతో పూడ్చాలి. ఇంజను వైపు తీగను చిల్లుకన్నా కిందికి కాస్త వేలాడనిచ్చి పైకి తేవాలి. లేకపోతే వాన నీరు తీగ వెంట నడిచి లోపలికి వస్తుంది.

గ్రామెట్టు ఖరీదు ఒక డాలరుకు లోపే. అది కూడా లేకపోతే? చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగు చేసే ఒకాయన పనిని గంటలకొద్దీ నిలబడి చూసేవాణ్ణి. తీగ రేకును దాటే ప్రతిచోటా ఆయన పాత సైకిలు ట్యూబు ముక్క కోసి తొడిగేవాడు. అదెందుకని నేనెన్నడూ అడగలేదు. అంత చూసినవాణ్ణి, అమెరికాలో మూడు వందల డాలర్ల గేజీలు కొని రబ్బరు ముక్క మరచిపోయాను.

ఎగ్జాస్టు వేడి చూపే పైరోమీటరు తీగతో మరో చిక్కు. అది రాగి కాదు. క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు మిశ్రలోహాల జంట. చాలలేదు కదా అని ఇంజను పక్కన మామూలు రాగితీగ అతికితే ముల్లు లేస్తుంది, పనిచేస్తున్నట్టే కనబడుతుంది. చెప్పేది మాత్రం అబద్ధం. అతుకు దగ్గర 80 డిగ్రీల సెల్సియస్, క్యాబిన్‌లో 25 ఉంటే, ఆ తేడా 55 డిగ్రీలూ గేజి తక్కువగా చూపుతుంది. ఫారెన్‌హీటులో దాదాపు వంద. టర్బోకు ముందు 1250 ఫారెన్‌హీటు దాటనివ్వకూడదని ఈ ఇంజన్ల వాళ్ళు ఒక హద్దు పెట్టుకుంటారు, పిస్టన్లు అల్యూమినియమువి కనుక. ముల్లు 1200 దగ్గర ఉంది కదా అని ట్రైలరుతో ఎత్తు ఎక్కుతున్నవాడి ఇంజనులో నిజంగా ఉన్నది 1300 అన్నమాట. అటువంటి గేజికన్నా గేజి లేకపోవడమే నయం. లేనివాడు కనీసం భయపడుతూ నడుపుతాడు. చాలకపోతే అదే రకం తీగ కొని అతకాలి, లేదా గేజిని దగ్గరకు జరపాలి.

టర్బో గేజికి వచ్చేది గాలి గొట్టం కాబట్టి దానితో పెద్ద ప్రమాదమేమీ లేదు, ఎగ్జాస్టుకు తగలకుండా చూసుకుంటే చాలు. కాని డీజిలునూ, ఆయిలునూ సన్నని గొట్టంలో గోడ దాటించి నేరుగా గేజికి తెచ్చే పాత పద్ధతి ఇంకా ఉంది. ఎలక్ట్రిక్ సెన్సారుకన్నా కచ్చితమని దాన్ని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. కాలు పెట్టుకునే చోట కాగిన నూనె గొట్టం ఉండటానికి నేను ఎన్నటికీ ఒప్పుకోను. అతుకు ఊడితే పీడనంతో సహా ఒళ్ళోకి వస్తుంది. కచ్చితత్వం రెండు పీఎస్ఐలు తగ్గితే తగ్గనివ్వండి. ఎలక్ట్రిక్ సెన్సారును అవతలే ఉంచి తీగను మాత్రం రానివ్వడమే నాకు సమ్మతం. సెన్సారుకు ముందు చిన్న సూది వాల్వు ఒకటి వేస్తే, పంపు కొట్టే దెబ్బలకు సెన్సారు త్వరగా పోకుండా ఉంటుంది.

నాకు తెలిసిన మిత్రుడొకాయన ఈమధ్యనే అటువంటి ట్రక్కు కొన్నాడు. ఇదంతా విని, "నువ్వు మరీ చాదస్తుడివి, నేను పెట్టి ఆరునెలలైంది, ఏమీ కాలేదు" అన్నాడు. నాది పదకొండు నెలలు ఆగిందని చెప్పాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉందా అంటే గుర్తులేదన్నాడు. చిల్లులో రబ్బరు ఉందా అంటే టేపు చుట్టానన్నాడు. వచ్చే శనివారం బండి మా ఇంటికి తెమ్మన్నాను. గ్రామెట్లు నా దగ్గరే డబ్బాడు ఉన్నాయి.