పాత బండి పుట్టినతేదీ కాదు, బ్రేకులు చూడండి

‘ఆ డొక్కు ఇంకా దేనికి? తూకానికి అమ్మెయ్యరాదూ!’ అని మెకానికల్ చదివే మన మిత్రులు కూడా అంటూ ఉంటే నాకు వింతగా ఉంటుంది. వాళ్ళు ఎగతాళి చేసేది అరకులోని మా టాటా ఎస్టేట్ ను. 1992లో వచ్చిన స్టేషన్ వేగన్ మోడలు అది. 1948 సీసీ డీజిల్ ఇంజను. మనుషులూ, బియ్యం మూటలూ కలిసి ప్రయాణం చేసే సంసారపక్షపు బండి.

రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని బాగు చేయించాం. బాగు చేయించడమంటే రంగు వేయించడం కాదండీ! బ్రేకు సిలిండర్లలో గట్టిపడ్డ రబ్బర్లు, పూడిపోయిన రేడియేటరు, తుప్పు పట్టిన డీజిలు ట్యాంకు... డబ్బంతా కంటికి కనబడని వాటికే పోయింది. గాలికొండ నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది.

1988 మోటారు వాహనాల చట్టం సొంత కారుకు 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ ఇచ్చి, తనిఖీలో నెగ్గితే 5 ఏళ్ళ చొప్పున పొడిగించమంది. నా మటుకు నాకు అది న్యాయంగానే తోస్తుంది. తనిఖీ మాత్రం నిజంగా జరగాలి. పొగ కక్కే బండిని, అది మాదైనా సరే, ఆపెయ్యాలి. ఎయిర్ బ్యాగులు లేవన్నదీ చిన్న లోటు కాదు.

కాని మా ఏజెన్సీలో కొన్ని ఊళ్ళ నుంచి గర్భిణిని ఇప్పటికీ డోలీలో రోడ్డు దాకా మోసుకొస్తారు. వెనక సీటు మడిచి ఆమెను పడుకోబెట్టగల బండి అక్కడ ఉంటే, అది ఏ సంవత్సరపుదని ఎవరడుగుతారు?