తాళం వేసిన దుబాసీ

తేటగా కనిపించే బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పరీక్షిస్తేనే! నల్గొండ జిల్లా మర్రిగూడ వాసులకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్‌ కాళ్లూ నడుములూ వంచేసిన ఊళ్లవి. ‘నీళ్లు తాగండి కానీ పరీక్షించకండి’ అని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? మన చేతిలోని ఫోన్‌, గోడమీది వైఫై పెట్టె విషయంలో మాత్రం తెలియకుండానే ఒప్పుకుంటున్నాం.

ఆండ్రాయిడ్‌ ఫోన్‌కి గుండెకాయ లినక్స్‌ కెర్నల్‌. ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లైనస్‌ టోర్వాల్డ్స్‌ 1991లో దాన్ని మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే జీపీఎల్‌ అనే లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశాడు. ఉచితమే కదా, ఇక షరతులేముంటాయి అనుకుంటాం. ఉన్నాయి! సొంతానికి వాడుకునేవారికి ఏ బాధ్యతా లేదు. తమ వస్తువులో పెట్టి అమ్మే కంపెనీ మాత్రం, తాను చేసిన మార్పులతో సహా సోర్స్‌కోడ్‌ ఇవ్వాలి. వెంటే ఇవ్వకపోతే, అడిగినవారికి ఇస్తామంటూ కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ అయినా ఇవ్వాలి. కాపీ చేసి పంపే ఖర్చుకు మించి వసూలు చేయకూడదు.

పేచీ అంతా డ్రైవర్ల దగ్గరే. ఇక్కడ డ్రైవరంటే బండి నడిపేవాడు కాదు, దుబాసీ. కెర్నల్‌ మాట చిప్‌కీ, చిప్‌ మాట కెర్నల్‌కీ చేరవేసే చిన్న ప్రోగ్రామ్‌. చాలా చిప్‌ కంపెనీలు దాని కోడ్‌ను గుట్టుగా ఉంచుతాయి. ‘అది మేం విడిగా రాసుకున్నది, జీపీఎల్‌ వర్తించదు’ అంటాయి. ‘కెర్నల్‌లో కలిసిపోయి, దాని మీదే బతికేది విడి వస్తువెలా అవుతుంది?’ అన్నది కెర్నల్‌ రచయితల్లో చాలామంది వాదన. గీత ఎక్కడ గీయాలన్నది ఇప్పటికీ వివాదమే. అయితే అలాంటి డ్రైవర్‌ను ఎక్కించగానే కెర్నల్‌ తనకు ‘మచ్చ పడింది’ అని నమోదు చేసుకుంటుంది. ఆ తర్వాత ఏదైనా తేడా వస్తే, లోపల ఏముందో కనిపించదు కాబట్టి బాగుచేసేవాళ్లు తరచూ చేతులెత్తేస్తారు.

అడిగితే ఫలితం ఉంటుందా? లింక్‌సిస్‌ వైఫై పెట్టెలో లినక్స్‌ ఉందని 2003లో కొందరు ఔత్సాహికులు కనిపెట్టి నిలదీశారు. కంపెనీ సోర్స్‌కోడ్‌ బయటపెట్టింది. దాని ఆధారంగానే 2004లో ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ’ పుట్టింది. కానీ వైఫై చిప్‌ డ్రైవర్‌కు మాత్రం తాళం అలాగే ఉండిపోయింది. లింక్‌సిస్‌ను కొన్న సిస్కో మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌ 2008లో దావా వేసింది. 2009లో రాజీ కుదిరింది. ఏళ్ల తరబడి బిగదీసుకున్న ఎన్‌విడియా కూడా 2022లో తన గ్రాఫిక్స్‌ డ్రైవర్లలో కెర్నల్‌తో కలిసే భాగాన్ని తెరిచింది.

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకంటారా? నిక్షేపంలా పనిచేస్తున్న ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్‌ రాకపోవడానికి ఒక కారణం ఈ తాళమే. చిప్‌ కంపెనీ డ్రైవర్‌ను కొత్తగా మార్చి ఇవ్వకపోతే, మరొకరు మార్చడం చాలా కష్టం. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ బృందం లినక్స్‌ను తెలుగులోకి తేగలిగిందంటే కోడ్‌ తెరిచి ఉండబట్టే కదా!

ఈ ఆదివారం మీ ఫోన్‌ సెట్టింగ్స్‌లో ఫోన్‌ వివరాలు తెరిచి, లైసెన్సుల జాబితా చూడండి. అందులో జీపీఎల్‌ అని కనిపిస్తే, ఆ భాగం సోర్స్‌కోడ్‌ అడగొచ్చు. ఇంట్లో ఇంజినీరింగ్‌ చదివే పిల్లలుంటే వాళ్లకి చూపించండి. కంపెనీకి ఉత్తరం రాసే పని వాళ్లకే అప్పగించండి!