సంచి చేతబట్టిన సంసారి

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి నీరు పెద్దకాలువలనుండి పిల్లకాలువలకును, పిల్లకాలువలనుండి బోదెలకును పాఱి చేనుచేనునకును చేరినది. చేనే నడచి నదికి రావలెనని కాలువలు త్రవ్వినవారెవ్వరును శాసింపలేదు. అట్టి సీమకు తలమానికమైన రాజమహేంద్రవరమున మాత్రము, కారులేని సంసారి సంచి చేతబట్టి సరుకున్నచోటికి తానే రొప్పుచు పోవలసియున్నది. ఇంతకంటె వింత వేఱొకటి కలదా?

కారులేనివారెందరని కొందఱడుగవచ్చును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, కారుగల కుటుంబములు దేశమున నూటికి ఎనిమిదికి మించలేదు. తక్కినవారందఱును కాలినడకనో, సైకిలుమీదనో, మోటారుసైకిలుమీదనో, ఆటోలోనో సంసారభారమును మోయువారే. అయినను మన పురపాలకుల దృష్టిలో ప్రజయనగా కారులో కూర్చున్నవాడే కాబోలు! వీధులు వెడల్పగుట వానికొఱకు. నిలుపుచోట్లు వెదకుట వానికొఱకు. కాలిబాట యున్నదా, దుకాణముల సామానుక్రింద మఱుగైనదా యని విచారించు నాథుడు లేడు.

కారుగలవాడు నెలకొకమారు పెద్ద అంగడికేగి సరుకంతయు నొక్కసారి తెచ్చుకొనును. లేనివాడు చేయి మోయగలిగినంతయే కొనును. కిలోకు ఐదు రూపాయలు తగ్గునని దూరపు బజారునకు పోయి ఐదు కిలోల కూరలు కొనెననుకొందము. మిగిలినది 25 రూపాయలు. అది రాకపోకల ఆటోకైనను చాలునా? ధర చవుకయో ప్రియమో తేలునది బజారుపలకమీద కాదు, ఇంటి గుమ్మమున.

1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారుల ఉద్దేశము మిక్కిలి మెచ్చదగినది. దళారి జోక్యములేక రైతు తానే అమ్మును. ధర పలకమీద అందఱకును కనబడును. కాని బజారు దూరమైనకొలది దాని మేలు వృద్ధునకును, చంటిబిడ్డ నెత్తుకొన్న ఇల్లాలికిని అందదు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము కలిగినది. సంతోషమే. బస్సే రాని పేటలో ఆ ఉచితము ఎవరి సంచిని మోయును?

రేషను కథయు నిట్టిదే. 2021లో బియ్యమును బండ్లమీద వీధులకు పంపిరి. 2025 జూన్ 1 నుండి మరల చౌకధరల దుకాణములకు మరలించిరి. ఏది మేలను పార్టీల పోరు మాకక్కరలేదు. అఱువదియైదేండ్లు దాటినవారికిని, అంగవైకల్యము గలవారికిని ఇంటికే సరుకు పంపవలెనను నియమమును మాత్రము కొనియాడుచున్నాము. సరుకు మనుష్యునికడకు పోవలెనను ధర్మము అందున్నది.

ఆ ధర్మమును ఏ ప్రభుత్వపు టుత్తరువును లేకయే నిత్యమును నెఱవేర్చుచున్న వారు తోపుడుబండ్లవారును, గంపలమ్మలును. లంకలలో పండిన వంకాయ, బీర, తోటకూర వారి చేతులమీదుగానే మన వాకిళ్లకు వచ్చుచున్నవి. వారే మన పిల్లకాలువలు. వారికి లభించు గౌరవమెట్టిది? రాకపోకలకు అడ్డమని నేడొక మూలకు, రేపొక మూలకు తరుముట! ఒక కారు నిలుచు చోట రెండుమూడు తోపుడుబండ్లు నిలువగలవు. కారు ఒక్కని సౌకర్యమునకు ఊరక నిలుచును. బండి వీధి కంతకును కూర పెట్టును. ఇందేది అడ్డమో న్యాయమెఱిగినవారు చెప్పుదురుగాక!

సెల్‌ఫోనులో కోరిన సరుకు నిమిషములలో వచ్చుచుండగా బండ్లేల యని మఱికొందఱందురు. పదిరూపాయల కరివేపాకును కొత్తిమీరయు కొనువానికి ఆ చేర్పుకూలి గిట్టునా? ఏనాటి కూలి ఆనాడు తెచ్చుకొనువాడు ఆనాటి కూరయే కొనును. వాని అవసరము నెఱిగి, ఎల్లుండి ఇమ్మని అరువు పెట్టునది వీధిబండియే.

చట్టము సయితము బండివాని పక్షముననే యున్నది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టము ప్రకారము పట్టణమున లెక్క తీసి ధ్రువపత్రము లిచ్చువఱకు వారిని తొలగింపరాదు. లెక్క ఐదేండ్లకొకమారైనను తీయవలెను. పట్టణ వ్యాపార సంఘమున నూటికి నలువదిమందికి తక్కువకాకుండ వీధి వ్యాపారులే సభ్యులుగ నుండవలెను. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. యాత్రికుల రక్షణకై దారులు తెఱపించుట అవశ్యకర్తవ్యము; 2015 పుష్కరముల తొలినాటి తొక్కిసలాటను ఈ నగర మెన్నటికిని మఱవజాలదు. కాని యలంకారము పేర బండ్లను శాశ్వతముగ పాఱద్రోలినచో, పుష్కరములు ముగిసిన మఱునాడు మన వంటయిండ్లే ఆ శిక్ష ననుభవించును.

కావున మేము కోరునది స్పష్టము. ప్రతి పేటకును నడచిపోదగు దూరమున చిన్న కూరగాయల బజారొకటి వెలయవలెను. బండ్లకు నీడగల స్థిరమైన తావులు చూపి, వాని జాబితాను పఠనాలయములందు తెలుగున అంటింపవలెను. కాలిబాటలు నడచువారికి దక్కవలెను. ఉదయమున బజారులకు బస్సులు నడువవలెను. ఇందేదియు కోట్లతో గట్టు వంతెన కాదు.

పౌరులారా! ఈ కోరికలను అర్జీగ వ్రాసి, పేటపేటను సంతకములు చేయించి పురపాలకుల ముందుంచుడు. ఓటుకొఱకు ఇంటింటికిని నడచి వచ్చిన నాయకులకు, కూరగాయలు ఇంటింటికిని వచ్చు దారి తెలియదని మేము నమ్మజాలము.