శిక్షణ ఒక్కరోజు, మార్పు ప్రతిరోజూ

కోచింగ్ అంటే మనకు పరీక్షల చదువే గుర్తొస్తుంది. ఉద్యోగ రంగంలో దాని అర్థం వేరు: పని పద్ధతి మారినప్పుడు ఉద్యోగి పక్కన ఉండి, ఇబ్బందులు విని, కొత్త పని అలవాటయ్యేదాకా తోడుండడం. పెద్ద కంపెనీలు మేనేజర్లకు ఇచ్చే ఈ తోడ్పాటు అంగన్‌వాడీ టీచరుకు అక్కర్లేదా?

1975లో ఐసిడిఎస్ మొదలయ్యాక దశాబ్దాలపాటు ఆమె రిజిస్టర్లే రాసింది. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. 2025లో ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేకపోయినా, బాలింత ముఖం సరిపోలకపోయినా సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆమే. యంత్రం లోపం ఆమె చేతగానితనమైపోతోంది.

అనుభవమున్న తోటి టీచర్లకే నేర్పే బాధ్యత ఇచ్చి, అందుకు అదనపు వేతనం చెల్లించాలి. నేర్చుకునే సమయాన్ని పని గంటల్లో కలపాలి. వాళ్లు చూపిన లోపాలను బట్టి యాప్‌ను సరిచేయాలి.

వేతన పెంపు, గ్రాట్యుటీ కోసం ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఆ హక్కులను పక్కనబెట్టి, కొత్త భారానికి తల వంచడం నేర్పే కోచింగ్‌ను మనం ఒప్పుకోకూడదు.