ఆంక్షలకు ఆజ్ఞ యొక్కటి కావలయును

అపరాధియగు ప్రభుత్వమును దండించుటకు సైన్యమొక్కటియే సాధనము కాదు. వర్తకము నాపుటయు దండనమే. కాని ఆపు శాఖలు పదియైనను ఆజ్ఞ యొక్కటి కావలయును. కానిచో దండనము ప్రభువును విడిచి ప్రజపై బడును. ఇందులకు హైదరాబాదు చరిత్రయే సాక్షి.

1947 నవంబరు 29వ తేదీన భారత ప్రభుత్వమునకును నిజాము ప్రభుత్వమునకును యథాతథ ఒడంబడిక కుదిరెను. అంతలోనే నిజాము ప్రభుత్వము భారత రూపాయి చెలామణిని నిషేధించెను. పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల ఋణము నొసంగెను. రజాకారుల దౌర్జన్యములు మితిమీరెను. అట్టి ప్రభుత్వముపై ఆంక్షలు న్యాయమే యని మా నిశ్చితాభిప్రాయము. మా విమర్శ యెల్ల వాని నడిపిన తీరును గూర్చియే.

సంస్థానమునకు సముద్రతీరము లేదు. బొంబాయి, మధ్యపరగణాలు, మద్రాసు రాష్ట్రములు దానిని చుట్టుకొని యుండెను. ఆయుధముల నాపితిమే గాని దిగ్బంధనము లేదని ఢిల్లీ పలుకుచుండగా, మందులును, త్రాగునీటిని శుద్ధిచేయు క్లోరినును సైతము అందకున్నవని హైదరాబాదు మొరపెట్టెను. ఢిల్లీ యాజ్ఞ యెంతవరకు, సరిహద్దు నుద్యోగి యుత్సాహ మెంతవరకు? ఈ ప్రశ్నకు జవాబుదారి లేకపోయెను. కమాన్‌పూరు నాడు ఆ సంస్థానములోనిదే. ఉప్పు పండని యీ సీమకు దారి మూసినచో ముందుగా వెలితిపడునది దివాను వంటశాల కాదు, బీదవాని కుండ.

ఇక ఆపవలసిన ఆయుధములో, ఆకాశమార్గమున వచ్చెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియనుడు కరాచీనుండి విమానములలో వానిని చేరవేసెను. తరువాత బ్రిటిషు న్యాయస్థానము వానికి విధించిన జరిమానా 200 పౌండ్లు మాత్రమే! పొరుగు దేశములు కలిసిరానిదే ఆంక్ష యెట్లు ఫలించును? 1948 ఆగస్టులో హైదరాబాదు ఈ దిగ్బంధనమునే ఫిర్యాదుగా చేసికొని భద్రతామండలి కెక్కెను. తుదకు సెప్టెంబరు 13న ప్రవేశించిన సైన్యము ఐదు దినములలో కార్యము ముగించెను.

దక్షిణాఫ్రికాతో వర్తకమును భారతదేశము 1946లోనే ముందుగా మానెను. ఆ దేశమునకు ఆయుధముల నమ్మరాదను భద్రతామండలి నిర్బంధాజ్ఞ 1977లో గాని రాలేదు. ఒంటరి ఆంక్ష ధర్మమునకు సాక్ష్యమగును గాని బలము కాజాలదు.

కావున ప్రభుత్వము ఆంక్ష విధించునపుడెల్ల వాణిజ్య, ఆర్థిక, హోం, విదేశాంగ శాఖలు ఒక లిఖితాజ్ఞకు లోబడవలెను. మందులకును, ఆహారమునకును మినహాయింపు ఆ యాజ్ఞలోనే యుండవలెను. మిత్రులతో ముందే మాట కుదుర్చుకొనవలెను. చేసిన పనిని చేసితిమని లోకమునకు జెప్పు ధైర్యము ఉండవలెను. అట్టి ఆంక్షకే ప్రజలు మనఃపూర్వకముగా తోడ్పడుదురు.