ఆడబిడ్డల వాటా – దావా వ్యయము

శాసనము పుట్టినంతమాత్రమున హక్కు చేతికి రాదు. హక్కు చేతికి రావలెనన్న న్యాయస్థానపు మెట్లెక్కవలెను. ఆ మెట్లెక్కుటకు ధనము కావలెను. ధనము లేనివారి హక్కు కాగితముపై వ్రాసిన పాయసమువంటిది. చదువుకొనవచ్చునేగాని ఆకలి తీరదు. ఈ సత్యము నేడు మన తెలుగునాట ఆడబిడ్డల ఆస్తి విషయమున కన్నులకు గట్టినట్లు కానవచ్చుచున్నది.

పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానముగ కుమార్తెకును జన్మతః హక్కు గలదని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు శాసన మేర్పడెను. దేశమంతటికిని అట్టి సవరణము 2005 సెప్టెంబరు 9 నాడు గాని రాలేదు. అనగా ఇరువది యేండ్లు మనము ముందుంటిమి. మన శాసనము అప్పటికే వివాహమైన కుమార్తెలను వెలిగా నుంచగా, కేంద్ర సవరణము ఆ భేదమునుగూడ తుడిచివైచెను. అంతకుముందు సక్రమముగ జరిగిన పంపకములు దక్క, తక్కినయెడల తండ్రి ఆ దినమునకు జీవించియుండినను లేకున్నను కుమార్తె హక్కు హక్కేయని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున తేల్చి చెప్పెను. శాసనమున కిక లోపమేమున్నది?

లోపము శాసనమున లేదు. దానిని చేరు దారిలో నున్నది. ఆడబిడ్డ నోరు తెరచి వాటా యడిగినచో, పెండ్లినాడు కట్నమిచ్చితిమి, పసుపుకుంకుమలిచ్చితిమి, ఇంకేమున్నదని అన్నదమ్ములందురు. పెద్దమనుషులు పుట్టింటి రాకపోకలు చెడునని భయపెట్టుదురు. అప్పటికిని ఆమె వెనుదీయకున్న, అడ్డుపడునది డబ్బు. భాగపరిష్కారపు దావా యనగా నేమో యెరిగినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. వకీలు ఫీజు, కోర్టు రుసుము, సమనుల ఖర్చు, అడంగలు పహాణీల నకళ్ళు, రిజిస్ట్రారు కచ్చేరినుండి దస్తావేజుల నకళ్ళు, సాక్షుల బత్తెములు, వాయిదా వాయిదాకును ప్రయాణపు ఖర్చు, ఆ దినమున పోయిన కూలి. ప్రాథమిక డిక్రీ వచ్చినతోడనే కథ ముగియదు. కమీషనరు వచ్చి హద్దులు కొలిచి భాగములు చేయవలెను. తుది డిక్రీని స్టాంపు కాగితముపై వ్రాయించవలెను. పిదప దాని నమలు జరుపుటకు మరల అర్జీ పెట్టవలెను. ఓడినవాడు కోర్టులో నేడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చెను అను సామెతను మన పూర్వులు ఊరక పుట్టింపలేదు.

ఇందు మరియొక అన్యాయ మున్నది. పొలము ఎవరి స్వాధీనమున నున్నదో ఆ పొలము పంటయే వారి వకీలు ఫీజగును. అన్నదమ్ములు ఉమ్మడి ఆస్తి రాబడితోనే ఆడబిడ్డపై వ్యాజ్యమాడుదురు. పది సంవత్సరములు జాగైనను వారికి నష్టములేదు. ఆమెకు ప్రతి వాయిదాయు నష్టమే.

కోర్టు రుసుము సంగతి చూడుడు. అనవసర వ్యాజ్యములను అరికట్టుటకని సాకు చెప్పి కంపెనీవారు బంగాళమున 1795 లో ఈ రుసుమును ప్రవేశపెట్టిరి. రుసుము చెల్లింపగలవాని అబద్ధపు దావాను అది ఆపదు. చెల్లింపలేనివాని నిజమైన దావానుమాత్రము వాకిటనే నిలిపివేయును. న్యాయము జరుపుట ప్రభుత్వమునకు ప్రథమ ధర్మమనియు, దానికై కక్షిదారులనుండి రుసుము గొనుట సూత్రరీత్యా యుక్తము కాదనియు స్వతంత్ర భారతపు లా కమీషను 1958 నాటి తన 14వ నివేదికలోనే చెప్పెను. అయినను మన రెండు రాష్ట్రములలోను 1956 నాటి కోర్టు ఫీజుల చట్టమే నేటికిని ఆధారము. దానియందు 34వ సెక్షను వింతను పాఠకులు గమనింతురుగాక. ఉమ్మడి స్వాధీనములో నున్న భాగస్వామి దావా వేసినచో స్వల్పమగు స్థిర రుసుము చాలును. స్వాధీనమునుండి వెలివేయబడిన భాగస్వామి దావా వేసినచో తన వాటా విలువను బట్టి రుసుము చెల్లింపవలెను. అనగా అన్యాయ మెక్కువ జరిగినవారికే రుసుమెక్కువ! మెట్టినింట నున్న ఆడబిడ్డను, నీకు స్వాధీనము లేదు, ఎక్కువ రుసుము కట్టుమని ప్రతివాదులు వాదించుట నెవ్వ రెరుగరు?

డబ్బు లేనివారు ఏమి చేయుదురు? ఊరిలో పెట్టుబడిదారు డొకడు ముందుకు వచ్చి, ఖర్చు నేను పెట్టుదును, గెలిచినచో సగము భూమి నాకు వ్రాసి యిమ్మనును. ఇట్టి ఒప్పందములు కేవలము ఆ కారణముననే చెల్లకపోవని ప్రీవీ కౌన్సిలు 1876 లో చెప్పెను; అన్యాయముగ పిండుకొను ఒప్పందములు చెల్లవనియు ఆ తీర్పులోనే యున్నది. న్యాయవాది కాని అన్యుడు వ్యాజ్యమునకు ధనసహాయము చేయుట నిషిద్ధము కాదని సుప్రీంకోర్టు 2018 లోను అభిప్రాయపడెను. న్యాయవాదిమాత్రము గెలుపుపై ఆధారపడు ఫీజునుగాని, వచ్చిన ఆస్తిలో వాటానుగాని కోరరాదని బార్ కౌన్సిలు నియమము. కావున ఎవరైన వకీలు అట్టి బేర మాడినచో అది తప్పని కక్షిదారులు గ్రహింపవలెను. ఊరి పెట్టుబడిదారుని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, ఉచితముగ లభించు సహాయము గలదేమో విచారింపవలెను. ఆ సహాయము కలదు. అది తెలియకపోవుటయే మన దౌర్భాగ్యము.

మొదటిది సివిల్ ప్రొసీజరు కోడులోని 33వ ఆర్డరు. పూర్వము పాపరు దావా యని పిలువబడిన దిదియే. ఆ యవమానకరమైన పేరును 1976 నాటి సవరణము తొలగించెను. రుసుము చెల్లింప శక్తిలేనివారు ఆ సంగతి న్యాయస్థానమునకు నిరూపించి, ముందుగ రుసుము కట్టకయే దావా నడుపుకొనవచ్చును. దావాలోని ఆస్తిని ఈ లెక్కలోనికి తీసికొనరాదు. వకీలు లేనివారికి న్యాయస్థానమే వకీలును నియమింపవచ్చును. అయితే ఇది రుసుమునకు మాఫీ కాదు, వాయిదామాత్రమే. గెలిచినచో ఆ రుసుము వచ్చిన ఆస్తిపై మొదటి బాకీగ నిలుచును. ఓడినచో వాదియే కట్టవలెను. అర్జీపై విచారణయు, ప్రభుత్వ న్యాయవాదికి నోటీసును, ఎదుటివారి ఆక్షేపణలును గలవు గనుక కాలహరణము తప్పదు.

రెండవది ఇంతకంటె మేలైనది. పేదరికముచేత ఎవ్వరికిని న్యాయము దక్కకుండ పోరాదని రాజ్యాంగమున 39-ఎ అధికరణమును 1976 నాటి సవరణముచే చేర్చిరి. దానిని కార్యరూపమున పెట్టుటకు 1987 లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చెను. ఉచిత వకీలనగా జైలులోని ముద్దాయికే యని జనులనుకొందురు. అది పొరపాటు. సివిలు వ్యాజ్యము వేయుటకును, తనపై వేసిన వ్యాజ్యమున కెదురు చెప్పుకొనుటకును ఈ చట్టమున సహాయము కలదు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, స్త్రీలు, బాలలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు మున్నగువారికి ఆదాయపు పరిమితియే లేదు. స్త్రీ యనిన చాలును. ఇతరులకు రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించు ఆదాయ పరిమితి యుండును. దానికిని ప్రమాణపత్రము సాధారణముగ చాలును. వ్యాజ్యమున బలమున్నట్లు పైకి తోచవలెను, అంతే. వకీలు ఫీజేగాక కోర్టు రుసుము, నకళ్ళు మొదలగు ఖర్చులును ఈ సహాయములో చేరును. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకుగాని, మండల న్యాయసేవా కమిటీకిగాని అర్జీ నీయవచ్చును. 15100 అను నంబరుకు టెలిఫోను చేసి విచారింపవచ్చును.

ఇంతటి సాధనము చేతనుండగా జనులేల పెట్టుబడిదారుని యింటికి పోవుదురు? తెలియక కొందరు, నమ్మక కొందరు. ఉచితముగ వచ్చిన వకీలు శ్రద్ధ పెట్టడను శంక బలముగ నున్నది. ఈ శంకను తీర్పవలసినది ప్రభుత్వమును న్యాయవాదులును. అల్పమైన పారితోషికమిచ్చి పది సంవత్సరముల దావా నడుపుమన్నచో ఎంతటి ధర్మాత్ముడైనను ఎంతకాలము శ్రమించును? ఉచితసేవ కక్షిదారునికి ఉచితము కావలెనుగాని, వకీలును పస్తుంచి జరుపునది కారాదు.

లోకదాలతులనుగూర్చి ఒక మాట. అచ్చట కుదిరిన రాజీ డిక్రీతో సమానము. కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. ఇది మంచిదే. కాని ఆ రాజీపై అప్పీలు లేదు. లోకదాలతు తీర్పరి కాదనియు, ఉభయుల సమ్మతి లేక అది ఏమియు నిర్ణయింపరాదనియు సుప్రీంకోర్టు 2008 లో స్పష్టపరచెను. ఖర్చులకు తాళలేక అలసిన ఆడబిడ్డ, నాలుగెకరముల వాటాకు నలుబది సెంట్లు పుచ్చుకొని సంతకము చేసినచో అది రాజీ యగునా, లొంగుబాటగునా? తన వకీలు ప్రక్కన నుండగా, తన వాటా ఎంతయో తెలిసిన పిమ్మట, ఆమె చేసినదే రాజీ.

దేశము పిలిచిననాడు టంగుటూరి ప్రకాశముగారివంటివారు 1921 లో వేలకొలది రాబడిగల వకీలు వృత్తిని తృణప్రాయముగ విడిచిరి. నాటి న్యాయస్థానములు పరాయివారివి గనుక వానిని విడుచుట త్యాగమయ్యెను. నేటివి మనవి. వానిలోనికి పేదవానిని చేయిపట్టి తీసికొనిపోవుటయే నేటి వకీలు చేయదగిన త్యాగము. జిల్లా బార్ సంఘమునందలి ప్రతి పెద్ద వకీలును ఏడాదికి ఒక్క పేదరాలి దావానైన స్వయముగ నడుపునుగాక యని మేము కోరుచున్నాము.

ప్రభుత్వములను మేము కోరునది మూడు. వెలివేయబడిన భాగస్వామిపై హెచ్చు రుసుము విధించు పద్ధతిని మార్చవలెను. మహారాష్ట్ర ప్రభుత్వము 1994 లోనే ఆస్తి వివాదములలో స్త్రీలకు కోర్టు రుసుము మాఫీ చేసియుండగా మనమేల వెనుకబడవలెను? ఉచిత న్యాయసేవకు పూనుకొన్న వకీళ్ళకు తగిన పారితోషికము నీయవలెను. ప్రతి రిజిస్ట్రారు కచ్చేరిలోను, ప్రతి గ్రామ కచ్చేరిలోను ఈ హక్కును పెద్ద అక్షరములతో వ్రాసి కట్టవలెను.

పాఠకులను కోరునది ఒక్కటే. మీ వీధిలో వాటా యడుగ జంకుచున్న ఆడబిడ్డ యుండినచో, వడ్డీకి అప్పు తెమ్మని సలహా చెప్పకుడు. జిల్లా కోర్టుకు ఆమెతో కూడ ఒక్కసారి నడువుడు. వాటా నిచ్చిన శాసనమునకు దాపున వకీలునిచ్చు శాసనమునుగూడ మనమే చేసికొంటిమి. రెండవదానిని అటకపై పెట్టి మొదటిదానిని పూజించిన ప్రయోజనమేమి?