శుభ్రమైందని ఎవరు చెప్పాలి?

మా ఇంట్లో ఊడ్చే పని నాది. చెత్తను తలుపు వెనక్కి తోసి "అయిపోయిందమ్మా" అంటే అమ్మ నమ్మదు. చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి చూసి, "నువ్వు చెబితే కాదే, కాలికి తెలియాల" అంటుంది. కొడైకానల్ పాదరసం సంగతి చదివినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది.

టూర్ అంటే మనం కొడైకి పోతాం. చెరువు, సైకిళ్లు, చాక్లెట్లు చూసుకుని వచ్చేస్తాం. ఆ ఊళ్లోనే ఒకప్పుడు జ్వరం చూసే థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. అమెరికాలోని వాటర్‌టౌన్ నుంచి 1980లలో ఇక్కడికి తరలి వచ్చింది. తర్వాత హిందుస్థాన్ లీవర్ చేతికి పోయింది. 2001లో ఊళ్లోని పాత సామాన్ల కొట్లో పాదరసం అంటిన గాజుముక్కలు టన్నులకొద్దీ బయటపడ్డాయి. జనం ఊరుకోలేదు, ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో సుమారు 290 టన్నుల వ్యర్థాన్ని అమెరికాకే తిరిగి పంపారు.

హమ్మయ్య, అయిపోయిందనుకున్నాను. కాలేదు. మట్టి మిగిలింది.

పాదరసం మామూలు చెత్త కాదు. మామూలు వేడికే ఆవిరై గాలిలో కలుస్తుంది, కంటికి కనబడదు. నీళ్లలో చేరితే సూక్ష్మజీవుల వల్ల మరింత విషంగా మారి చేపల్లో పేరుకుంటుంది. ఆ చేపను గర్భిణి తింటే కడుపులో బిడ్డ మెదడుకే ముప్పు. ఫ్యాక్టరీ ఉన్న గట్టు కిందే పాంబారు షోలా అడవి ఉంది.

కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల దాకా పాదరసం ఉండొచ్చని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకుంది. చాలదు, ఇంకా తగ్గించాలని ఉద్యమకారులు పట్టుబట్టారు. మరీ తవ్వితే చెట్లు పోతాయి, వాలులో మట్టి కొట్టుకుపోతుంది అన్నది అవతలివాళ్ల వాదం. అందులోనూ నిజం లేకపోలేదు. కొండ మీద మట్టిని పట్టుకునేది చెట్టు వేరే కదా!

అయితే నా ప్రశ్న వేరే. చెట్టు ముఖ్యమా, మట్టి ముఖ్యమా అని తేల్చేటప్పుడు ఆ కొండ కింద నీళ్లు పట్టుకునే ఆడవాళ్లను ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? పాత కార్మికుల సంగతీ అంతే. 591 మందితో కంపెనీ ఒప్పందం చేసుకున్నది 2016లో, అంటే ఫ్యాక్టరీ మూసిన 15 ఏళ్లకు. అంతకు ముందు ఏడాది చెన్నై అమ్మాయి సోఫియా అష్రఫ్ పాడిన ర్యాప్ పాట దేశమంతా ఫోన్లలో మోగింది. పాట వస్తేనే వింటామా మనం?

నేను కోరేది పెద్ద చదువుల మాట కాదు. మట్టి, నీళ్లు, చేపల పరీక్షల లెక్కలు ఏటా ఊరి భాషలో, ఊరి మధ్య బోర్డు మీద రాయాలి. పరీక్షకు మట్టి ఎక్కడ తియ్యాలో ఊరివాళ్లు చూపాలి. మురికి చేసినవాళ్లే "శుభ్రమైంది" అని సంతకం పెట్టుకుంటే ఎలా? ఆ నేల మీద నడిచేవాళ్లు చెప్పాలి.

ఇక మన సంగతి. కాలిపోయిన ట్యూబ్‌లైట్లలోనూ కొంచెం పాదరసం ఉంటుంది. మన హాస్టల్లో వాటిని ఎక్కడ పారేస్తున్నారో మీలో ఎవరికైనా తెలుసా? రేపు పోయి అడుగుదాం, రండి.